స్టీల్‌హెడ్ ఎప్పుడొస్తుంది, ఎక్కడికొస్తుంది: కొత్తగా గాలం పట్టినవాళ్ళకి

మీ ప్రశ్న చదివాను. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్మండ్ వచ్చి ఏడాది అయింది, గాలం కర్ర కొన్నారు, ఆఫీసులో ఒకాయన స్టీల్‌హెడ్ జనవరిలో పట్టాలంటాడు, ఇంకొకాయన జూలైలో అంటాడు, యూట్యూబ్‌లో చూస్తే అసలు అది రెయిన్‌బో ట్రౌటే అంటున్నారు. ఇంతకీ ఇది ఒక చేపా రెండా, మన పులసలాగా సముద్రం నుంచి ఏరు ఎక్కే రకమా, ఏ నెలలో ఏ నదికి వెళ్ళాలి, పులుసు పెట్టుకోవచ్చా అని అడిగారు. సీజన్ల పట్టిక ఒకటి రాసి పడేయొచ్చు గానీ దాంతో మీకు పని జరగదు. ఈ చేప ఎప్పుడు పుడుతుంది, ఎందుకు వెళ్తుంది, ఎంత ముదిరి తిరిగొస్తుంది అన్నది తెలిస్తే నెలలు వాటంతట అవే అర్థమవుతాయి. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి అనుమానం ముందు తీర్చేద్దాం. రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ ఒకటే జాతి, శాస్త్రీయ నామం కూడా ఒకటే, ఆంకోరింకస్ మైకిస్. పుట్టిన ఏట్లోనే బతుకంతా వెళ్ళదీస్తే రెయిన్‌బో అంటారు, సముద్రానికి పోయి అక్కడ మేసి పెరిగి తిరిగొస్తే స్టీల్‌హెడ్ అంటారు. కశ్మీర్‌లో, హిమాచల్‌లో ఫారాల్లో పెంచే రెయిన్‌బో ట్రౌట్ కూడా ఈ జాతే. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లోనే కొన్ని ఉండిపోతాయి, కొన్ని వెళ్ళిపోతాయి. వెళ్ళేవాటిలో ఆడవి ఎక్కువ, ఎందుకంటే సముద్రంలో ఒళ్ళు చేస్తే ఎక్కువ గుడ్లు పెట్టగలవు. దీనికి వాషింగ్టన్ పడమటి కొసన ఉన్న ద్వీపకల్పం, ఒలింపిక్ పెనిన్సులాలోని ఎల్వా నది మంచి సాక్ష్యం. అక్కడ 1913లో ఒక డ్యాము, 1927లో దానికి పైన ఇంకొకటి కట్టారు, చేప ఎక్కడానికి దారి మాత్రం పెట్టలేదు. పైన చిక్కుకుపోయినవి రెయిన్‌బోలుగా దాదాపు వందేళ్ళు తరతరాలు బతికాయి. 2011 నుంచి 2014 మధ్య రెండు డ్యాములూ పడగొట్టాక ఎవరూ తెచ్చి వదలకుండానే వేసవి స్టీల్‌హెడ్ మళ్ళీ ఆ నదిలో కనబడింది. పైన ఉండిపోయినవాటి వంశంలో ఆ గుణం అన్నాళ్ళూ చావకుండా ఉందన్నమాట. నాకు ఈ చేప గురించి తెలిసినవాటిలో ఇంతకన్నా గొప్ప సంగతి లేదు.

పులసతో పోలిక చాలావరకు సరిపోతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు బంగాళాఖాతం నుంచి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చేది గుడ్లు పెట్టడానికే, ఇదీ అంతే. కాకపోతే పులస వరద నెలల్లోనే వస్తుంది, స్టీల్‌హెడ్ మాత్రం వాషింగ్టన్‌లో ఏడాది పొడవునా ప్రతి నెలా ఏదో ఒక నదిలోకి వస్తూనే ఉంటుంది. మీ ఆఫీసులో ఆ ఇద్దరూ చెప్పింది నిజమే, వేరువేరు నదుల గురించి, వేరువేరు చేపల గురించి చెబుతున్నారు.

అయితే వచ్చే నెల ఏదైనా గుడ్లు పెట్టే కాలం మాత్రం అన్నిటికీ ఒకటే. చలికాలం చివర నుంచి వసంతం దాకా, మన వైపు ఎక్కువగా మార్చి నుంచి మే వరకు. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆడచేప గులకరాళ్ళ మీద పక్కకి ఒరిగి తోకతో టపటపా కొట్టి గుంట చేస్తుంది, అందులో గుడ్లు వదులుతుంది, పక్కనే ఉన్న మగది వీర్యం వదులుతుంది, తర్వాత ఆడది కాస్త ఎగువకి జరిగి మళ్ళీ కొడితే ఆ లేచిన రాళ్ళు కొట్టుకొచ్చి గుడ్లను కప్పేస్తాయి. ఆ గూడుని ఇక్కడ రెడ్ అంటారు. ఒడ్డు మీద నుంచి చూస్తే పాకుడు పట్టి నల్లగా ఉన్న అడుగు మధ్యలో కడిగి పెట్టినట్టు తెల్లగా, నాలుగైదు అడుగుల పొడవున ఒక మచ్చ కనిపిస్తుంది. దాని ఎగువ కొస గుంటగా, దిగువ కొస చిన్న దిబ్బగా ఉంటుంది, గుడ్లు ఉండేది ఆ దిబ్బలో. మార్చి తర్వాత వేడర్స్ (నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని తొడుగు) వేసుకుని నీళ్ళలోకి దిగేవాళ్ళు ఈ మచ్చని గుర్తుపట్టడం నేర్చుకోవాలి, తెలియక దాని మీద నడిచేవాళ్ళని ఏటా చూస్తూనే ఉన్నాను, అడుగు కింద ఎన్ని గుడ్లు నలిగిపోతాయో వాళ్ళకి తెలియదు.

నీటి చల్లదనాన్ని బట్టి మూడు నుంచి ఏడు వారాల్లో గుడ్లు పొదుగుతాయి. పిల్లలు పొట్ట కింద సొన సంచితో ఇంకొన్ని వారాలు రాళ్ళ సందుల్లోనే ఉండి, అది కరిగిపోయాక బయటికి వస్తాయి. పింక్, చమ్ సాల్మన్ పిల్లలైతే బయటికి రాగానే సముద్రం దారి పడతాయి. స్టీల్‌హెడ్ పిల్ల అలా కాదు, ఏడాది నుంచి మూడేళ్ళు, ఎక్కువగా రెండేళ్ళు, పుట్టిన ఏట్లోనే పెరుగుతుంది. అంటే రెండు వేసవుల ఎండ, రెండు చలికాలాల వరద తట్టుకోవాలి. ఒడ్డున చెట్లు కొట్టేసి నీడ పోయినా, వాగులో నీళ్ళు తోడేసినా ముందు దెబ్బ తగిలేవాటిలో ఇది ఒకటి.

ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు వచ్చాక ఒక వసంతంలో, ఏప్రిల్ నుంచి జూన్ లోపు, దాని ఒళ్ళు మారిపోతుంది. పక్కన ఉన్న నిలువు మచ్చలు మాసిపోయి వెండిరంగు వస్తుంది, మొప్పలు ఉప్పునీటికి తగ్గట్టు మారతాయి, పుట్టిన నీటి వాసన బుర్రలో పడిపోతుంది. దీన్ని స్మోల్ట్ అంటారు. కొత్తవాళ్ళకి ఇక్కడే చెప్పాల్సింది ఒకటుంది. మే, జూన్ నెలల్లో నదిలో చిన్న స్పిన్నర్ (నీళ్ళలో గిరగిరా తిరిగే రేకు ఎర) వేస్తే ఎనిమిది అంగుళాల వెండి చేపలు వరసగా పడతాయి, ట్రౌట్ దొరికిందని సంబరపడతారు. అవి ఏట్లోనే ఉండిపోయే ట్రౌట్ కాదు, రెండేళ్ళు బతికి బట్టకట్టి సముద్రానికి బయల్దేరిన స్టీల్‌హెడ్ పిల్లలు. రెండు మూడు వరసగా అలాంటివి తగిలితే ఆ చోటు వదిలేసి వెళ్ళిపోండి.

సముద్రంలోకి వెళ్ళాక ఇది తీరం వెంట తచ్చాడదు, నేరుగా నడిసముద్రానికి, అలాస్కా అఖాతం వైపు పోతుంది. స్క్విడ్, చిన్నచేపలు తింటూ ఒకటి నుంచి మూడేళ్ళు ఉంటుంది. తిరిగొచ్చేది మామూలుగా 5 నుంచి 12 పౌండ్లు, 20 దాటితే జన్మకో చేప. గాలంతో పట్టిన రికార్డు 1970లో అలాస్కాలో పడ్డ 42 పౌండ్ల 2 ఔన్సుల చేప. ఈ లెక్కలన్నీ పొలుసులో రాసి ఉంటాయి. చెట్టు మొదలు కోస్తే వలయాలు కనబడ్డట్టే పొలుసుని భూతద్దం కింద పెడితే గీతలు కనబడతాయి, ఏట్లో ఉన్నన్నాళ్ళూ దగ్గర దగ్గరగా ఇరుకుగా, సముద్రంలోకి వెళ్ళగానే ఒక్కసారిగా వెడల్పుగా. ఒకసారి గుడ్లు పెట్టి వెళ్ళిన చేపకైతే అంచు అరిగిపోయి మళ్ళీ పెరిగిన గుర్తు కూడా ఉంటుంది.

ఇక అసలు విషయం, రెండు సీజన్లు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వచ్చేది వింటర్ రన్. ఇది సముద్రంలోనే దాదాపు ముదిరిపోయి, కడుపులో గుడ్లు పెద్దవయ్యాకే నదిలో అడుగుపెడుతుంది, ఎక్కువగా కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల లోపే గుడ్లు పెట్టేస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా వచ్చేది సమ్మర్ రన్. ఇది పచ్చిగా వస్తుంది, గుడ్లు ఇంకా చిన్న గింజల్లా ఉంటాయి, ఒంటి నిండా కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వు మీదే ఆరునెలల నుంచి పది పన్నెండు నెలలు దాదాపు తిండి లేకుండా నదిలో గడిపి, వచ్చే వసంతంలో గుడ్లు పెడుతుంది. అంటే ఈ జూలైలో స్కైకోమిష్‌లో దూకే చేపా, వచ్చే ఫిబ్రవరిలో హో నదిలో ఎక్కే చేపా గుడ్లు పెట్టేది ఇంచుమించు ఒకే కాలంలో.

మరి ముందే వచ్చి పస్తులుండటం దేనికి? దారి కోసం. కొన్ని నదుల్లో జలపాతాలు, ఇరుకు లోయలు ఉంటాయి, చలికాలపు వరదలో అవి ఎక్కడం ఏ చేప వల్లా కాదు, మంచు కరిగే నీళ్ళు ఉన్నప్పుడో వేసవిలో ప్రవాహం తగ్గుతున్నప్పుడో మాత్రమే ఎక్కగలదు. అలా పైకి వెళ్ళగలిగితే వింటర్ చేప చేరలేని వాగులన్నీ దానివే. ఇంకొన్ని నదుల్లో దూరమే కారణం. ఇడాహోలోని స్టాన్లీ దాకా వెళ్ళే చేప కొలంబియా, స్నేక్, సాల్మన్ నదుల వెంట సముద్రం నుంచి దాదాపు 900 మైళ్ళు ఈది 6,000 అడుగులకి పైగా ఎత్తు ఎక్కుతుంది, మధ్యలో బానవిల్ నుంచి లోయర్ గ్రానైట్ దాకా ఎనిమిది డ్యాములు దాటాలి. ఫిబ్రవరిలో బయల్దేరితే అయ్యే పని కాదు కదా. అందుకే కాస్కేడ్ కొండలకి తూర్పున ఉండే స్టీల్‌హెడ్ దాదాపు అంతా సమ్మర్ రన్నే. ముందొచ్చే ఈ అలవాటు చాలావరకు జన్యువుల్లో ఒకే చోట, జీఆర్‌ఈబీ1ఎల్ అనే జీను దగ్గర ముడిపడి ఉందని 2017లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. దాని అర్థం, ఒక నదిలో ముందొచ్చే చేపలు అంతరించిపోతే వింటర్ చేపలే కొన్నాళ్ళకి సమ్మర్‌గా మారతాయిలే అనుకోవడానికి లేదు.

సమ్మర్ చేప ఎలా ఓపిక పడుతుందో చూడాలంటే ఆరెగన్‌లోని నార్త్ అంప్‌క్వా దగ్గర స్టీమ్‌బోట్ క్రీక్‌కి ఎప్పుడైనా వెళ్ళండి. అక్కడ బిగ్ బెండ్ అనే మడుగు ఉంది, చల్లటి వాగు ఒకటి వచ్చి అందులో కలుస్తుంది. ఆగస్టులో చుట్టూ నీళ్ళు వేడెక్కిపోతే చేపలన్నీ ఆ చల్లదనం కోసం ఒకే చోట చేరతాయి, గుంపుగా, తలలన్నీ ఎగువకి పెట్టి, కదలకుండా. వాన పడి వాగు పెరిగేదాకా నెలల తరబడి అంతే. అక్కడ గాలం వేయడం పూర్తిగా నిషేధం, చూడటానికి మాత్రం వెళ్ళొచ్చు. కొలంబియాలో కూడా ఇదే జరుగుతుంది. ఆగస్టులో పెద్ద నది కాగిపోయినప్పుడు ఇడాహో వెళ్ళాల్సిన చేపలు కూడా డెషూట్స్ లాంటి చల్లటి ఉపనదుల నోటి దగ్గర ఆగుతాయి. అందుకే అక్కడ కొన్ని చోట్ల వేసవిలో గాలం వేయనివ్వరు, సరైన పనే అది.

ఇప్పుడు గాలం లెక్కకి వద్దాం. వింటర్ చేప ప్రయాణంలో ఉంటుంది, ఈరోజు ఉన్న మడుగులో రేపు ఉండదు, కాబట్టి దానికోసం మీరు తిరగాలి, ముఖ్యంగా కింది నదిలో, వరద తీసిన రెండో మూడో రోజున. సమ్మర్ చేప ఒకచోట కుదురుకుంటుంది, కాబట్టి మంచి చోట్లు తెలుసుకుని తెల్లవారుజామున, సాయంత్రం నీడలో ఓపిగ్గా వేయాలి. రెండిటికీ నీళ్ళు ఒకటే, మనిషి మామూలుగా నడిచే వేగంతో పారే నీళ్ళు, మూడు నుంచి ఆరు అడుగుల లోతు, పెద్ద బండరాళ్ళ వెనక, వడి నీళ్ళూ నిదానం నీళ్ళూ కలిసే గీత వెంట, మడుగు ముగిసి పలచబడే చోట. నీటి రంగు పచ్చగా ఉండి రెండు మూడు అడుగుల లోతు దాకా కనబడితే వెళ్ళాల్సిన రోజు. కాఫీ రంగులో ఉంటే ఇంట్లో ఉండండి. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ గేజ్, అంటే నది నీటిమట్టం చూపే గ్రాఫ్, చూడటం అలవాటు చేసుకోండి, గీత పైకి లేస్తుంటే వద్దు, దిగుతుంటే బయల్దేరండి. చలికాలంలో నీళ్ళు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు పడిపోతే చేప మొద్దుబారిపోతుంది, ఎర దాని ముక్కు దగ్గరికి వెళ్ళాలి. వేసవిలో 65 దాటితే అసలు వేయకండి, పట్టి వదిలినా అది బతకడం కష్టం.

నదుల పేర్లు అడిగారు. మీ ఇంటి నుంచి అయితే జూన్, జూలైలో స్కైకోమిష్ మీద రైటర్ పాండ్స్ దగ్గర హేచరీ (చేపపిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రం) సమ్మర్ చేప, జనం మాత్రం బాగా ఉంటారు. దక్షిణాన కౌలిట్జ్ మీద బ్లూ క్రీక్ దగ్గర చలికాలం చివర్లో హేచరీ వింటర్ చేప, వేసవిలో సమ్మర్ చేప కూడా, కొత్తవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. ఒలింపిక్ పెనిన్సులాలో ఫోర్క్స్ చుట్టూ బోగషీల్, సోల్ డక్, హో నదులు, డిసెంబరు నుంచి మార్చి. వాన వెలిశాక సోల్ డక్ ముందు తేరుకుంటుంది, హో హిమానీనదం నీళ్ళు కాబట్టి ఆలస్యం. తూర్పున క్లియర్‌వాటర్, గ్రాండ్ రోండ్ అక్టోబరు తర్వాత. దక్షిణ ఆరెగన్‌లో రోగ్ నది వైపు వెళ్తే హాఫ్ పౌండర్ అనే చిన్నవి దొరుకుతాయి, కొన్ని నెలలే సముద్రంలో ఉండి ముదరకుండానే ఏట్లోకి ఒకసారి తిరిగొచ్చేవి, అవి ఆ చుట్టుపక్కల నదుల్లోనే ఉంటాయి.

హేచరీ చేప, నదిలోనే పుట్టి పెరిగిన వైల్డ్ చేప తేడా తప్పకుండా తెలియాలి. వీపు మీద పెద్ద రెక్క వెనక, తోకకి ముందు, చిటికెనవేలి కొసంత కండ రెక్క ఒకటి ఉంటుంది. హేచరీ వాళ్ళు పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు. అది లేకుండా ఆ చోట మానిన మచ్చ ఉంటే హేచరీది, నియమాలు ఒప్పుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. అది ఉంటే వైల్డ్, వాషింగ్టన్‌లో వదిలేయాల్సిందే, పూర్తిగా నీళ్ళలోంచి పైకి ఎత్తడం కూడా నేరం. కాబట్టి ఫొటో కోసం ఒడ్డుకి లాక్కురాకండి. సముద్రానికి దారి ఉన్న నీళ్ళలో 20 అంగుళాలు దాటిన రెయిన్‌బో ట్రౌట్‌ని ఇక్కడి నియమాలు స్టీల్‌హెడ్‌గానే లెక్కపెడతాయి. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ వైపు చాలా హేచరీల్లో చాంబర్స్ క్రీక్ రకం వాడారు, అది డిసెంబరు, జనవరిలోనే వచ్చేలా ఎంపిక చేసిన రకం. వైల్డ్ వింటర్ చేప ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. ఒకప్పుడు ముందొచ్చే వైల్డ్ చేపలు కూడా బాగానే ఉండేవి, ఆ హేచరీ చేపల కోసం జరిగిన వేటలో అవీ పట్టుబడి తగ్గిపోయాయి.

ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ని 2007లో ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అందరం తీసుకెళ్ళే బ్యాలర్డ్ లాక్స్ (సియాటిల్‌లో పడవలు సముద్రానికీ సరస్సుకీ మధ్య దాటే గేట్లు) ఉంది కదా, అక్కడ చేపలు ఎక్కడానికి మెట్లుగా కట్టిన నీటి దారి, చేపల నిచ్చెన, అద్దాల్లోంచి వేసవిలో సాకీ, చినూక్ సాల్మన్ కనబడతాయి. ఆ దారినే చలికాలంలో లేక్ వాషింగ్టన్‌కి వేల స్టీల్‌హెడ్ ఎక్కేవి. 1980లలో హెర్షెల్ అని పేరుపెట్టిన సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు), దాని జతగాళ్ళు నిచ్చెన నోటి దగ్గర కాపు కాసి తినేసేవి, అధికారులు ఎన్ని ఎత్తులు వేసినా అవి కదల్లేదు. అప్పటికే వాగులు పాడై బలహీనపడ్డ మంద అది, ఇప్పుడు దాదాపు లేనట్టే. రెడ్మండ్‌లో మీ పక్కనే పారే సమామిష్ నది ఆ చేపల దారే. ఇది తెలిశాక వైల్డ్ చేపని చేతిలోకి తీసుకునే పద్ధతే మారిపోతుంది.

ఇందుకే నియమాలు హఠాత్తుగా మారతాయి. స్కాజిట్, సాక్ నదులు కొన్ని ఏళ్ళే, అదీ వసంతంలో పట్టి వదలడానికి మాత్రమే తెరుస్తారు. తీరం నదులు సీజన్ మధ్యలో మూసేసిన ఏళ్ళున్నాయి. బయల్దేరే రోజు పొద్దున ఫిష్ వాషింగ్టన్ యాప్ చూడండి, నిరుటి నియమాలు నమ్మకండి. లైసెన్స్ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానే, ఫిబ్రవరిలో కొంటే రెండు నెలలకి మించి రాదు. క్యాచ్ రికార్డ్ కార్డు వేరుగా తీసుకోవాలి, చేప ఉంచుకున్న మరుక్షణం అక్కడే నమోదు చేయాలి. కొన్ని నదుల్లో నేటివ్ తెగల వాళ్ళ వలలు కనబడతాయి, దానికి కొందరు గాలం వాళ్ళు రుసరుసలాడతారు. అది 1850లలో ఒప్పందాల్లో రాసుకున్న హక్కు, 1974లో జడ్జి బోల్ట్ తీర్పు పట్టదగిన చేపలో సగం వాళ్ళదని తేల్చింది. వాళ్ళు ఈ నదుల మీద మనకన్నా ఎన్నో తరాల ముందు నుంచి ఉన్నారు, మర్యాదగా పక్కకి తప్పుకుని వెళ్ళండి.

ఏప్రిల్, మే నెలల్లో సన్నగా, తల పెద్దగా ఒళ్ళు బక్కచిక్కి, తోక అంచులు అరిగిపోయిన చేప గాలానికి పడితే అది కెల్ట్, గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి వెళ్తున్న స్టీల్‌హెడ్. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, ఇది బతికి మళ్ళీ రాగలదు. అలా రెండోసారి వచ్చేవి తక్కువే, అందులోనూ ఆడవే ఎక్కువ, కానీ అవి పెద్దవి, ఎక్కువ గుడ్లు పెడతాయి. యాకిమా నది మీద ప్రాసర్ దగ్గర యాకమా తెగ వాళ్ళు ఈ కెల్ట్‌లని పట్టి తొట్టెల్లో మేపి బలం వచ్చాక మళ్ళీ నదిలో వదులుతున్నారు. అది ఆకలి మీద ఉంటుంది, దేన్నైనా కరుస్తుంది, దాన్ని అలిసిపోయేలా ఆడించకండి, గాలం కోసి అయినా సరే వెంటనే వదిలేయండి.

ఇక పులుసు సంగతి. హేచరీ చేప, అదీ కొత్తగా సముద్రం నుంచి వచ్చినది అయితే నిక్షేపంగా వండుకోవచ్చు. కొత్తదో కాదో చూడటం తేలిక, పొలుసులు వేలికి అంటుకుని ఊడొస్తాయి, తోక రెక్క అద్దంలా వెలుతురు పోనిస్తుంది, ఒక్కోసారి పొట్ట చివర చిన్న సముద్రపు పేన్లు పట్టుకుని ఉంటాయి, అవి మంచినీళ్ళలో కొద్దిరోజులే బతుకుతాయి కాబట్టి చేప నదిలోకి వచ్చి రెండు మూడు రోజులే అయిందని అర్థం. పక్కన గులాబీ చార వచ్చి, వీపు నల్లబడి ఉంటే మాంసం పాలిపోయి చప్పగా ఉంటుంది, పులుసులో విరిగిపోతుంది. షాపుల్లో స్టీల్‌హెడ్ అని అమ్మే ఎర్రటి ఫిల్లెట్ ఎక్కువగా పెంపకం చేప, దాని రుచి చూసి నదిలో చేప ఇలాగే ఉంటుందనుకోకండి. కొవ్వు చేప కాబట్టి నూనె తగ్గించి, చింతపండు పులుపు కాస్త ఎక్కువ పెట్టి, ముక్కలు చివర్లో వేయండి, పది నిమిషాలు చాలు.